ఆయన బొమ్మల్లో ఎవరూ కంగారుపడరు

మొన్న హైదరాబాదు వెళ్ళడానికి జీవితంలో తొలిసారి విమానం ఎక్కాను. టికెట్టు మా అమ్మాయి తీసింది. బెల్టు ఎలా తగిలించుకోవాలో తెలీక కాసేపు తంటాలు పడి, పక్కాయన దయ వల్ల గట్టెక్కి, ముందు సీటు జేబులో ఉన్న అట్ట తీసి చూశాను. విమానం నీళ్ళలో దిగిపోతే ఏం చెయ్యాలో అందులో బొమ్మలు వేసి ఉన్నాయి. రెక్క మీంచి మనుషులు ఒకరి తర్వాత ఒకరు జారుతున్నారు. ఒకాయన పసుపుపచ్చ జాకెట్టులోకి గొట్టంతో గాలి ఊదుకుంటున్నాడు. ఒకావిడ ఎత్తుమడమల చెప్పులు విడిచేసి చంటిపిల్లని ఎత్తుకుంది. కిటికీ అవతల మంట. ఇంత జరుగుతున్నా ఒక్కడి మొహంలోనూ గాభరా లేదు. మధ్యాహ్నం భోంచేసి ఓ కునుకు తీసి లేచినవాళ్ళలా ఉన్నారు.

నాకు నవ్వాగలేదు. "మావా, నువ్వేనా?" అన్నాను అట్టతో, పైకే. పక్కాయన కొంచెం అటు జరిగి కూచున్నాడు.

అది ఆయన గీసిన బొమ్మో కాదో నాకు తెలీదు. అలాంటివి లోకంలో చాలామంది గీస్తారట. కానీ ఆ మొహం నాకు తెలుసు. రెండు చుక్కలు, ఒక అడ్డగీత. అనకాపల్లిలో నా కొట్లో బల్ల మీద, పాత కరపత్రాల వెనక, ఆ మొహం వందల్లో పడి ఉండేది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పేరు చెప్పను, చెబితే ఆయనకి నచ్చదు. జన్మలో ఏ బొమ్మ కిందా సంతకం పెట్టని మనిషి. ఎందుకు పెట్టవంటే, "నిప్పంటుకుని పరిగెడతన్నోడు ఈ బొమ్మ ఎవడు గీసేడో చూత్తాడేటి అల్లుడూ?" అనేవాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో స్టేషను రోడ్డులో నాకో డీటీపీ కొట్టు ఉండేది. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, బెల్లం వర్తకుల లెటరుహెడ్లు, ఆ తర్వాత ఫ్లెక్సులు. ఫ్లెక్సు మిషను ఇంకా మా ఊరు రాలేదు. నేను డిజైను చేసి వైజాగ్ పంపేవాణ్ణి. ఆయన రోజూ పొద్దున్నే నా షట్టరు కంటే ముందు వచ్చి నించునేవాడు. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్సిళ్ళు, కాళ్ళకి బూట్లు. ఆయనకీ నాకూ చుట్టరికం ఏమీ లేదు. మా వైపు వయసులో తేడా ఉంటే మావా అల్లుడూ, తేడా లేకపోతే బావా బావా. అంతకంటే చుట్టరికం ఎవరూ అడగరు.

లోపలికి రాగానే ముందు వెనక్కి తిరిగి గుమ్మం చూసుకునేవాడు. "మీ కొట్టుకి ఒకటే దారి అల్లుడూ. కంప్యూటరు కాలిందంటే నువ్వూ నేనూ ఇక్కడే," అని, స్టూలు గుమ్మంలోకి లాక్కుని కూచునేవాడు. రోజూ ఇదే మాట. నాకు తిక్క రేగి, "మావా, పొద్దున్నే కొవ్వొత్తి వెలిగించి ప్రార్థన చేసుకునే వేళ ఏటా మాటలు?" అంటే, కొవ్వొత్తి కాగితాలకి ఎంత దూరంలో ఉందో చూసి దాన్ని ఇంకాస్త అవతలికి జరిపేవాడు. చర్చిలో కూడా ఆఖరి బెంచీ, పక్క తలుపు దగ్గర. పాస్టరుగారు ఈయనకి విశ్వాసం తక్కువని చాలాకాలం బాధపడ్డారు. అది విశ్వాసం సంగతి కాదు. ఏ పెళ్ళికెళ్ళినా ఏ సినిమాకెళ్ళినా ఆయనకి ముందు కనబడేది బయటికెళ్ళే దారే.

తన కథ ఆయన ఎప్పుడూ వరసగా చెప్పలేదు. ఏ దేశం పేరెత్తితే ఆ దేశంలో ఏం గీశాడో చెప్పేవాడు, అంతే. కుర్రతనంలో మా ఊళ్ళో లారీల వెనక చిలకలూ గులాబీలూ వేసేవాడు. ఒక లారీ ఓనరుకి ఆ చిలక నచ్చి, మస్కట్‌లో ఉన్న బావమరిదికి ఈయన్ని అప్పజెప్పాడు. చిలక వేసినవాడు బోర్డులు రాయలేడా అని వాళ్ళ లెక్క.

"మస్కట్‌లో పడని చోటు లేదు అల్లుడూ," అన్నాడు ఒకసారి. "నిచ్చెన మీంచి పడ్డాను. తడినేల మీద జారేను. నెత్తి మీద ఇటుక పడింది. కరెంటు తీగ ముట్టుకుని ఎగిరిపడ్డాను."

నేను కదిలిపోయాను. ఇంత బాధపడ్డ మనిషిని కొట్లో స్టూలు మీద కూచోబెట్టానే అని నా కుర్చీ ఇచ్చాను. "ఎముకలు బాగా అతుక్కున్నాయా మావా?" అన్నాను.

"నేను కాదెహె, బొమ్మలు," అన్నాడు, కుర్చీలో సర్దుకుని కూచుంటూ. కట్టుబడి పనుల దగ్గర తగిలించే జాగ్రత్త బోర్డులట. పడిపోయే మనుషుల్ని గియ్యడంలో ఆయన్ని మించినవాడు లేడట ఆ కంపెనీలో. తలకాయ గుండ్రంగా ఉండాలి, లోపల కళ్ళూ ముక్కూ ఉండకూడదు. అది కంపెనీ రూలు. ఆ రోజు నుంచి నా కుర్చీ ఆయనదైపోయింది, స్టూలు నాదైంది.

సింగపూరులో చేతులు. ఓడల్లో అతికించే పోస్టర్లకి ముడులు వేసే చేతులు, జాకెట్టు పట్టీలు బిగించే చేతులు. "నా అయిదు వేళ్ళూ సింగపూరువే," అని చెయ్యి చాపి చూపించేవాడు. అక్కణ్ణించి, మధ్యలో ఒక మలయాళీ స్నేహితుడి మాట నమ్మి, నైరోబీ. అక్కడ చిన్నపిల్లల వాచకాలకి బొమ్మలు. సింహం గియ్యమన్నారు. సింహాలు చూడ్డానికి లోకమంతా వెళ్ళే దేశంలో ఈయన ఆఫీసు వదిలి బయటికెళ్ళలేదు, ఎందుకంటే ఆ అడవిలో బయటికెళ్ళే దారి ఎటో ఎవరూ చెప్పలేకపోయారు. చేసేది లేక, అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసిన తన పెదనాన్న మొహానికి జూలు తగిలించాడు. ఆఫీసు పెద్ద చూసి, ఈ సింహం ఎవర్నో ముక్కుపొడి అడుగుతున్నట్టుందే అన్నాడట. పుస్తకం అచ్చయిపోయింది. ఆ దేశంలో కొంతమందికి సింహమంటే ఇప్పటికీ మా ఊరి కళాసీయే.

ఆఖరిది జర్మనీ. విమానాల్లో పెట్టే అట్టలు, మందు సీసాలతో ఇచ్చే కాగితాలు. మస్కట్‌లో మొహం వద్దన్నారు, ఇక్కడ కావాలన్నారు. ఆయన సంబరపడి, మునిగిపోయే మనిషికి మునిగిపోయే మొహం పెట్టాడు. పైన ఉన్న దొరసాని రబ్బరు తీసుకుని చెరిపేసింది. భయపడే మొహం పెడితే జనం భయపడతారు, నవ్వే మొహం పెడితే జనం నమ్మరు, కాబట్టి ఏమీ పెట్టొద్దు అందట. ఆ సన్నివేశాన్ని ఆయన నటించి చూపించేవాడు. దొరసానిగా ఒక పక్క నించుని గాల్లో రబ్బరు రుద్దేవాడు, మళ్ళీ తనుగా ఇటొచ్చి నోరు తెరుచుకుని చూసేవాడు. అలా రుద్దగా రుద్దగా రెండు చుక్కలూ ఒక గీతా మిగిలాయి. అదే ఇరవై భాషల వాళ్ళకి పనికొచ్చే మొహం. తర్వాత కంప్యూటర్లొచ్చాయి. "నా మొహాన్ని మిషన్లో పెట్టేసుకుని నన్ను ఇంటికి పంపేసేరు అల్లుడూ," అనేవాడు. కోపంగా కాదు, వానొచ్చిందని చెప్పినట్టే.

ఆ చేత్తో అనకాపల్లిలో బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టాడు. అవీ మా పాట్లు.

సబ్బవరం నుంచి ఒకాయన కొడుకు పెళ్ళికి కార్డు కొట్టించుకోవడానికి వచ్చాడు. దేవుడి బొమ్మలు కాదు, కొత్తగా ఏదైనా వెయ్యండి అన్నాడు. మావ అక్కడే ఉన్నాడు కదా, వేశాడు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఎదురెదురుగా, రెండు చుక్కలూ ఒక గీతతో, మధ్యలో ఇటు నుంచి అటు ఒక లావుపాటి బాణం.

"ఈ బాణం ఏటండీ?" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి.

"ఎవరు ఎటెళ్ళాలో తెలవాలి కదండీ," అన్నాడు మావ.

ఆయన పాత మోడల్లో వినాయకుణ్ణి వేయించుకుని వెళ్ళిపోయాడు.

మా ఆవిడ చర్చిలో ఆదివారం బడి చూసేది. వేసవి సెలవుల క్లాసులకి జలప్రళయం తెర వెయ్యమని ఆయన్ని అడిగింది. నేను వద్దనే అన్నాను. రెండు దుప్పట్లు కుట్టి ఇస్తే వారం రోజుల్లో వేసిచ్చాడు. ఓడ, వాన, కొండల దాకా నీళ్ళు, అన్నీ అద్భుతంగా ఉన్నాయి. జంతువులు, మనుషులు ఒకే వరసలో ఓడ ఎక్కుతున్నారు. ట్రంకు పెట్టె తెచ్చుకున్న ముసలాయన మీద ఎర్రటి ఇంటూ గుర్తు. ఓడకి అటో తలుపు ఇటో తలుపు అదనంగా వేసి, రెండింటికీ పచ్చబాణాలు పెట్టాడు. సంఘపెద్ద ఒకాయన చాలాసేపు చూసి, "మాస్టారూ, లోకం మునిగిపోతంటే ఈళ్ళు మేట్నీ టికెట్టుకి నించున్నట్టు నించున్నారేటండీ?" అన్నాడు. తర్వాత ఇంకా దగ్గరికి వెళ్ళి, "ఈ సింహాన్ని నేనెక్కడో చూసేను," అన్నాడు. చిన్నప్పుడు ఆయనది బెల్లం మార్కెట్టు పక్క వీధే.

అంతటితో ఊరుకున్నామా? ప్రభు రాత్రిభోజనం కూడా వేయించాం. బల్ల చుట్టూ పదమూడు మంది, పదమూడూ ఒకే మొహం. ఇందులో యూదా ఎవరు టీచర్ అని పిల్లలు గోల. మా ఆవిడ వెళ్ళి మావని అడిగింది. ఆయన ఏమాత్రం ఆలోచించకుండా బ్రష్షు తీసుకుని, ఒకాయన చుట్టూ ఎర్రటి సున్నా చుట్టి, మీద అడ్డంగా ఒక గీత కొట్టాడు, పొగ తాగరాదు బోర్డు మీద ఉన్నట్టే. పిల్లలకి వెంటనే అర్థమైంది. పాస్టరుగారు ఆ తెర మడత పెట్టించి బీరువాలో పెట్టించారు.

ఇంత నవ్వుకున్నా ఒకటి మాత్రం నేను కనిపెట్టాను. ఎవరైనా వచ్చి మా నాన్న బొమ్మ గియ్యండి, మా పాప బొమ్మ గియ్యండి అంటే ఆయన తప్పించుకునేవాడు. కళ్ళజోడు మార్చాలనేవాడు, చెయ్యి నొప్పనేవాడు, టీ తాగొస్తానని వెళ్ళి సాయంత్రం దాకా వచ్చేవాడు కాదు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం రావికమతం అవతల పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయేమో. చేతిలో ప్లాస్టిక్కు సంచీ.

"ఫ్లెక్సు కావాల బాబూ. మా ఇంటాయనది. వచ్చే నెల గేపకార్థ కూడిక," అంది. మా క్రైస్తవుల్లో మనిషి పోయి ఏడాది తిరిగాక అందరూ చేరి ప్రార్థన చేసుకుని భోజనం పెడతారు. ఆ మధ్య నుంచి దానికి పెద్ద ఫ్లెక్సు కట్టడం అలవాటైంది.

ఫోటో ఇమ్మన్నాను. సంచీలోంచి ఒక కట్ట తీసింది. అన్నీ ఎవరెవరివో పెళ్ళి ఫోటోలు, ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చుకున్నవి. తిరగేశాను. బంతి భోజనాలు, పెళ్ళికూతుళ్ళు, ఐస్‌క్రీము తింటున్న పిల్లలు.

"ఇందులో మీ ఆయన ఏరమ్మా?"

ఆవిడ వేలు పెట్టి చూపించింది. వంగిన వీపు. భుజం మీద తువ్వాలు. ఇంకో దాంట్లో ఒక మోచెయ్యి, సాంబారు బకెట్టు. ఇంకో దాంట్లో నడినెత్తి. ఆయన చెరుకు కొట్టే కూలీ. చుట్టుపక్కల ఏ ఇంట పెళ్ళయినా, ఏ మతం వాళ్ళదైనా, పిలవకుండానే వెళ్ళి వడ్డించేవాడు. వడ్డించేవాడు ఎప్పుడూ వంగే ఉంటాడు, ఫోటోలు తీసేవాడు ఎప్పుడూ వెనకాలే నించుంటాడు.

"రేషను కార్డు ఫోటో?" అన్నాను.

"ఆళ్ళొచ్చిన రోజు పెళ్ళికెల్లిపోయేడు బాబూ."

"మీ పెళ్ళి ఫోటో అయినా ఉంటుంది కదమ్మా?"

ఆవిడ అట్టడుగు నుంచి ఒకటి తీసింది. పందిట్లో రెండు కుర్చీలు. ఒక దాంట్లో పూలదండతో ఈవిడ, బిక్కమొహం వేసుకుని. రెండోది ఖాళీ. దూరంగా బంతి దగ్గర పూలదండ వెనక్కి వేసుకుని వంగి ఉన్న ఒక వీపు.

"వడ్డించీవోళ్ళు సాలట్లేదని లేసెల్లిపోయేడు," అంది. నాకు నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది. ఇద్దరం నవ్వుతూ ఉండగానే ఆవిడ మొహం మారిపోయింది.

"ఫ్లెక్సు లేపోతే పోయింది బాబూ. నాకే ఆయన మొకం గేపకం రావట్నేదు. గొంతు ఇనబడతాది. సెయ్యి అగుపడతాది. మొకం దగ్గరకొచ్చీసరికి ఈ ఫోటోల్లో నాగే ఎనక్కి తిరిగిపోతన్నాడు. ఈటిని సూసీ సూసీ ఉన్నది కూడా పోయింది. ఏడాదికే ఇలగైతే, ముందుముందు నాకేటి మిగల్తాది?"

గుమ్మం వైపు చూశాను. మావ కుర్చీ ఖాళీగా ఉంది. టీకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నాలుగైదు రోజులు కొట్టు ఛాయలకి రాలేదు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ ఏడుపు చూడలేక పారిపోయాడని మా ఆవిడతో తిట్టుకున్నాను కూడా. ఒక ఉదయం షట్టరు తీస్తుంటే వెనక నించుని ఉన్నాడు, చంకలో డ్రాయింగు అట్టతో.

"స్కూటరు తియ్యి," అన్నాడు.

"ఎక్కడికి?"

"ఆవిడ ఊరు." చంకలో అట్ట సర్దుకుంటూ అన్నాడు, "మా అమ్మ పోయినప్పుడు నేను నైరోబీలో ఉన్నాను అల్లుడూ. ఇంటికొచ్చేక అమ్మ బొమ్మ గీసుకుందామని ఎన్నిసార్లు కూచున్నానో. కూచున్నప్పుడల్లా అమ్మ విమానం రెక్క మీంచి జారతన్నట్టు వత్తంది."

అది విని నేను నవ్వలేదు. నాలుగు రోజులు ఆయన్ని తిట్టుకున్నవాణ్ణి, షట్టరు మళ్ళీ దించేసి స్కూటరు తీశాను.

పల్లెలో మా రాక ముందే తెలిసిపోయింది. బొమ్మ గీసే ఫారినాయన వచ్చాడని వాకిట్లో జనం. మావ పద్ధతిగా మొదలుపెట్టాడు. పోయిన మనిషి మొహం చుట్టాల మొహాల్లో ముక్కలు ముక్కలుగా ఉంటుంది కదా, ఏరుకుందాం అన్నాడు. ఇంకేముంది, అంగడి అయిపోయింది. తమ్ముడు ముందుకొచ్చి, "ముక్కు నాదే," అన్నాడు. మేనత్త కొంగు తీసి చెవులు చూపించింది. ఒక ముసలాయన తన గెడ్డం ఇచ్చేదాకా కదల్లేదు, చుట్టరికం ఏమిటంటే పక్కిల్లు. బుగ్గల విషయంలో ఇద్దరు పిన్నుల మధ్య గొడవ జరిగింది. మావ అందరివీ చూసి, అన్నీ గీసి, కలిపి ఒక మొహం తయారుచేశాడు. ముక్కు తమ్ముడిదే, చెవులు మేనత్తవే, ఒక్కటీ తప్పు లేదు. కానీ నోరు దగ్గరికొచ్చేసరికి ఆయన చెయ్యి అలవాటు చొప్పున అడ్డంగా వెళ్ళిపోయింది.

ఆవిడకి చూపించారు. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని, కాగితం పట్టుకుని, చాలాసేపు చూసింది. మావ మనసు కష్టపెట్టకూడదని ఆవిడ పడుతున్న అవస్థ నాకు తెలుస్తూనే ఉంది.

"మనిసి బాగున్నాడు బాబూ," అంది చివరికి. "ఎవురబ్బాయి?"

మావ పెన్సిళ్ళు జేబులో పెట్టేసుకున్నాడు. వెళ్ళిపోదాం పద అన్నట్టు నా వైపు చూశాడు. కానీ ఆ పల్లెలో అన్నం తినకుండా కదలనిస్తారా? వసారాలో నేల మీద వరసగా విస్తళ్ళు వేశారు. ఆయన బూట్లు విప్పి, గుమ్మం పక్కనే చూసుకుని, మోకాళ్ళు పట్టేస్తున్నా మఠం వేసుకుని కూచున్నాడు. ఆ తమ్ముడే వడ్డన. పప్పు బకెట్టుతో వచ్చి ఈయన మీదికి వంగాడు. ఈయన విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, చాలు అనడానికి తల పైకెత్తాడు.

చెయ్యి అలాగే ఉండిపోయింది.

"అల్లుడూ," అన్నాడు. "ఇందాకట్నించి మనం ఫోటోలు తీసేవోడు నించున్న చోట నించుని చూత్తన్నాం. ఆయన మొహం అక్కణ్ణించి ఎప్పుడూ లేదు. ఇక్కణ్ణించి ఉంది." ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, నువ్వొచ్చి నా విస్తట్లో కూకో," అన్నాడు.

ఆవిడ మగాళ్ళ బంతిలో కూచోనని సిగ్గుపడింది. పిన్నులు కసిరి కూచోబెట్టారు. మరిదిని బకెట్టుతో వంగమన్నాడు మావ. ఆవిడ విస్తరి మీద చెయ్యి పెట్టి తల ఎత్తింది.

"ఈడు కాదు," అంది.

"ఈడు కాదమ్మా, తెలుసు. ఈణ్ణి తీసెయ్యి. బకెట్టు ఉంచు."

ఆవిడ చూస్తూ ఉంది. వసారాలో ఎవరూ మెతుకు ముట్టలేదు. మరిది బకెట్టుకి రెండో చెయ్యి కూడా వేశాడు. అప్పుడు, తనకి తెలీకుండానే, ఆవిడ నాలిక చివర పెదవి మూల నుంచి కొంచెం బయటికొచ్చింది. చిన్నపిల్లలు పలక మీద అక్షరాలు దిద్దేటప్పుడు పెడతారు చూడండి, అలా.

మరిది బకెట్టు దబ్బుమని దించేశాడు. "అవునొదినా! అన్న గరిటొంచినప్పుడల్లా అలగే! దానికే కదా మాయమ్మ ఆణ్ణి మొట్టీది!"

"ఓలమ్మా, అవునే!" అంది మేనత్త. ఇక వసారా అంతా లేచింది. పప్పు పోస్తే ఎడమ పక్కకి, పులుసు పోస్తే కుడి పక్కకి అని ఒకరు, కాదు ఎప్పుడూ ఎడమే అని ఒకరు. మావ అప్పటికే పెన్సిలు తీశాడు.

"అమ్మా, నాలిక లోపలికి తియ్యకు. అలగే ఉండు," అన్నాడు.

ఆవిడ అలాగే ఉంది, నాలిక బయటపెట్టి, నవ్వుతూ, కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతుంటే తుడుచుకోకుండా. ఆయన గీస్తూ, రుద్దేస్తూ, మళ్ళీ గీస్తూ ఉన్నాడు. నోరు దగ్గర గీత మళ్ళీ మళ్ళీ తిన్నగా వెళ్ళిపోతోంది. రబ్బరు రుద్ది రుద్ది కాగితం చిరిగితే ఇంకోటి తీసుకున్నాడు. పప్పూ అన్నం చల్లారిపోయాయి. పూర్తయ్యాక ఆవిడకి చూపించమంటే చూపించలేదు, ఇంకా రంగు వెయ్యాలన్నాడు. అసలు సంగతి, మరోసారి ఎవురబ్బాయి అంటే భరించే ఓపిక ఆయనకి లేదు.

ఫ్లెక్సు వైజాగ్ నుంచి వచ్చింది. కింద కూచున్నవాడికి కనబడేట్టు, మీదికి వంగిన పెద్ద మొహం. ముక్కుపుటాలు, గెడ్డం కింద చెమట, గరిటె మీదే ఉన్న కళ్ళు, పెదవి మూల నాలిక. కూడిక రోజు కట్టడానికి ముందు పాస్టరుగారు విప్పి చూసి నీరుగారిపోయారు.

"నాలిక బయటెట్టుకున్న మనిషిని పెట్టుకుని నేను వాక్యం ఎలా చెప్పేదండీ?" అన్నారు.

"మీరు జనం వైపు తిరిగి చెప్తారు కదండీ. ఆయన మీ ఎనకాల ఉంటాడు," అన్నాడు మావ. చెబుతూనే టెంటు పక్కదారి ఎక్కడుందో చూసుకుని అక్కడికి వెళ్ళి నించున్నాడు.

కట్టారు. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత పెద్దలూ నవ్వారు. కాసేపటికి ఆ నవ్వు దానంతటదే ఆగిపోయింది. ఆ పల్లెలో ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు విస్తరి ముందు కూచుని ఆ మొహం చూసినవాళ్ళే. ఎవరో వెళ్ళి పొయ్యి దగ్గరున్న ఆవిణ్ణి పిలుచుకొచ్చారు. మసి చేతులతోనే వచ్చింది. మావ టెంటు తాడు పట్టుకుని నించున్నాడు, పరిగెత్తడానికి సిద్ధంగా.

ఆవిడ ఏడవలేదు. దగ్గరగా వెళ్ళింది. అటూ ఇటూ చూసింది, ఎవరైనా గమనిస్తున్నారేమో అని. నలుగుర్లో ఉన్నప్పుడు పెళ్ళాం మొగుడితో మాట్లాడే గొంతు ఒకటుంటుంది, పెదవులు కదలకుండా. ఆ గొంతుతో అంది:

"నాలిక లోపలెట్టు. జనం సూత్తన్నారు."

తిరుగు ప్రయాణంలో వడ్డాది దాటాక మావ వెనక సీటు నుంచి, "ఆవిడేటంది అల్లుడూ?" అన్నాడు. నాకంటే ఆయనే ఆవిడకి దగ్గరగా ఉన్నాడు, అంతా విన్నాడు. అయినా చెప్పాను. చోడవరంలో టీ తాగుతూ మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. శారదానది వంతెన ఎక్కుతుంటే నా భుజం తట్టాడు.

"నాతో అన్లేదు కదా? బొమ్మ బాగుందనీ కాదు, బాలేదనీ కాదు."

"నీతో ఎందుకంటది మావా? ఆయనతో అంది."

"ఆఁ," అన్నాడు. కొంతదూరం పోయాక, "ఇంకోసారి చెప్పు," అన్నాడు.